మామయ్య పెట్టిన దొంగ

ఆ షెడ్డులో పని నేర్చుకున్న ప్రతివాడూ పదిమందిలో పరువు పోగొట్టుకునే నేర్చుకున్నాడు. అది పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి. శిష్యుడు ఇంజను బిగించి చేతులు కడుక్కోవడానికి వెళ్తే చాలు, ఆయన మెల్లగా లేచి వెళ్ళి ఆ బండిలో ఎక్కడో ఒకచోట ఒక లోపం పెట్టి వచ్చేవాడు. ప్లగ్గు టోపీ సగం పైకి లాగి వదిలేయడమో, గాలి గొట్టం క్లిప్పు జార్చడమో, ఇంజను మౌంటింగు బోల్టు కాస్త వదులు చేయడమో. దానికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు దొంగ. స్టార్టు చేయగానే బండి వణుకుతుంది, లేదా దగ్గుతుంది. సరిగ్గా అప్పుడే బండి తాలూకు మనిషి వచ్చి నిలబడి ఉంటాడు. మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలి, "ఊఁ, దొంగను పట్టు" అనేవాడు. పట్టేదాకా తిట్లు, పట్టాక ఇంతసేపా అని మళ్ళీ తిట్లు.

ఇందులో ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం ఒకటే. దొంగ ఎప్పుడూ బయటే ఉండాలి. ఒకసారి మూత పడ్డ ఇంజను లోపలికి ఆయన చెయ్యి వెళ్ళదు. బయట లోపం ఉంటే బండి ఆగుతుంది, లోపల లోపం ఉంటే మనిషి పోతాడు, తెలిసి తెలిసి లోపల చెయ్యి పెట్టేవాడు మెకానిక్కు కాదు హంతకుడు అని చెప్పిందే చెప్పేవాడు. ఆయన నోటికి జడిసి దూరంగా తిరిగేవాళ్ళు కూడా ఆయన చేతిని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళు.

నత్త ఆయనకు సొంత మేనల్లుడు. చెల్లెలు పోయాక పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకుని పెంచాడు, పనిలో పెట్టాడు. పెంచిన సంగతి వాడు తొందరగానే మరిచిపోయాడు. పనిలో తిన్న తిట్లను మాత్రం ఒక్కటీ పోకుండా దాచుకున్నాడు. నత్త అని పేరు పెట్టింది కూడా మామయ్యే, చెయ్యి నెమ్మది అని. ఆ పేరు షెడ్డులో ఆగకుండా వీధికెక్కింది. కొత్తగా వచ్చేవాళ్ళు అదేదో అసలు పేరనుకుని "నత్తగారు ఉన్నారా?" అని ఎంతో మర్యాదగా అడిగేవాళ్ళు. ఆ మర్యాదకి వాడికి ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు వాడు నత్త కాదు. పక్క షెడ్డులో లేతు మిషను నడిపే లేతాయన కూడా, ఈమధ్య మేస్త్రి కంటే అల్లుడి చెయ్యే సాఫీగా ఉందని నలుగురిలో అన్నాడు. నిజానికి తగ్గింది మేస్త్రి చెయ్యి కాదు, జ్ఞాపకం. టీ గ్లాసు తీసుకెళ్ళి స్పానర్ల సొరుగులో పెట్టేవాడు. ఎప్పుడో తీసుకెళ్ళిపోయిన బండి గురించి, "దాని బ్రేకులు అయ్యాయా?" అని అడిగేవాడు. ఎవరైనా సరిచేస్తే గయ్యిమని లేచేవాడు. కోపం ఆయనకు ఎప్పుడూ ఉన్నదే కాబట్టి మతిమరుపు దాని వెనక బాగానే దాక్కుంది. ఇంట్లో అత్తయ్యకు తెలుసు, షెడ్డులో నత్తకు తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు. అత్తయ్య ప్రేమకొద్దీ అనలేదు. నత్త ఎందుకు అనలేదో వాడికే సరిగ్గా తెలియదు, ఎప్పటికైనా పనికొస్తుందని దాచినట్టు దాచాడు.

డ్రైవింగ్ నేర్పే మేడం కారు ఇంజను పూర్తిగా పాడై వచ్చినప్పుడు మామయ్య కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు.

"ఇది మొదట్నుంచీ చివరిదాకా నువ్వే చెయ్యి. వణుకు లేకుండా బయటికెళ్తే ఆ మర్నాటి నుంచి షెడ్డు నీది. నేను కుర్చీ ఎక్కి కాళ్ళూపుకుంటా. తేడా వచ్చిందో, మా అన్న కొడుకు టౌన్లో ఖాళీగానే ఉన్నాడు, వాణ్ణి పిలిపిస్తా. నువ్వు వాడి కింద చేసుకుంటావో, ఎక్కడికైనా పోతావో నీ ఇష్టం."

అన్న కొడుకంటే నత్తకు పడదు. పైగా వాడికి ఇంజనుకీ గేరుబాక్సుకీ తేడా తెలియదు. వాడి కింద పనిచేయడం కంటే చావు నయమనిపించింది. ఆ మాట విన్నరోజు నుంచీ నత్త అన్నం మీదా నిద్ర మీదా ధ్యాస లేకుండా పనిచేశాడు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, అన్నీ ఒకటికి రెండుసార్లు కొలిచాడు. క్రాంకును లేతాయన దగ్గర సాపు చేయించాడు. వంక పెట్టడానికి లేకుండా చేశాడు, ఒక్కచోట తప్ప.

ఆ ఇంజనులో బ్యాలెన్స్ షాఫ్టులుంటాయి. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవడంలో పుట్టే వణుకును చంపడానికి, దానికి ఎదురు బరువుగా తిరిగే కడ్డీలు అవి. వాటి పళ్ళచక్రం మీద ఒక చుక్క ఉంటుంది. అది పక్క చక్రం మీది గీతకు ఎదురుగా రావాలి. రాకపోయినా ఇంజను నడుస్తుంది, కాకపోతే వణుకును చంపాల్సిన కడ్డీలే వణుకు పుట్టిస్తాయి. ఇంజను ముందువైపు మూత వేసేముందు మామయ్య ఇలాంటి ప్రతి గుర్తు మీదా చూపుడు వేలు పెట్టి తడిమి చూడాలి. అది షెడ్డులో ఎవరూ దాటని కట్టుబాటు. నత్త దాటాడు. ఈ ఇంజను మీద మామయ్య వేలు పడకూడదని, మొత్తం తనదే కావాలని వాడికి పంతం. మామయ్య వేలు చాచుకుని దగ్గరికొస్తుంటే, మూత చేతిలో పట్టుకుని ఏమీ ఎరగనట్టు అన్నాడు.

"పొద్దునే చూశావుగా మామయ్యా."

మామయ్య ఆగిపోయాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో దారి తప్పిన మనిషి బెరుకు కనబడింది. వెంటనే దాన్ని మింగేసి, "చూశాను, చూశాను. నాకు తెలీదా? వెయ్యి మూత" అని కసిరి వెళ్ళి కూర్చున్నాడు. పొద్దున ఆయన షెడ్డుకే ఆలస్యంగా వచ్చాడు, ఏ గుర్తూ చూడలేదు. నత్త మూత అంచున నూనె కారకుండా సీలెంటు జిగురు పెట్టి బిగించి, బయటికి పొంగినదాన్ని అలవాటు ప్రకారం బొటనవేలితో చుట్టూ నున్నగా దిద్దాడు. ఇంత తేలికా అనుకున్నాడు.

బండి స్టార్టు చేసినరోజు మేడం వచ్చింది, లేతాయన వచ్చాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ బాగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్టీరింగు చేతిలో జిమ్మని అదిరింది, అద్దం అదిరింది, డాష్‌బోర్డు మీద మేడం పెట్టుకున్న కళ్ళద్దాల పెట్టె జరిగి జరిగి కిందపడింది.

నత్త కంగారుపడలేదు సరికదా, లోలోపల నవ్వుకున్నాడు. అన్నానికి వెళ్ళి వచ్చేలోపు మామయ్య దొంగను పెట్టేశాడన్నమాట. ఈ ముసలాయన చివరి ఇంజనులో కూడా తన బుద్ధి మానుకోలేదు.

"ఎక్కడ పెట్టావు మామయ్యా?" అని నవ్వుతూ అడిగాడు.

మామయ్య కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు రావడానికి కాస్త ఆలస్యమైంది. "వెతుక్కో. నన్నడుగుతావేం?" అన్నాడు.

వెతికాడు. ఒక్కో ప్లగ్గు టోపీ తీసి చూస్తే తీసిన ప్రతిసారీ ఇంజను ఒకేలా నీరసించింది, అంటే నాలుగు సిలిండర్లూ సమంగా పనిచేస్తున్నట్టే. క్లచ్ తొక్కి చూశాడు, వణుకులో మార్పు లేదు, కాబట్టి లోపం క్లచ్‌లో లేదు. బెల్టు ఊడదీసి నడిపాడు, అదే వణుకు, కాబట్టి బయట తిరిగే పుల్లీలదీ కాదు. మౌంటింగు బోల్టులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. సైలెన్సరు గొట్టం ఎక్కడైనా బాడీకి తగులుతోందేమోనని కింద పడుకుని చూశాడు. గాలి గొట్టాలన్నీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బండి నిలబడి ఉన్నా అదే, కదులుతున్నా అదే. వేగం పెరిగితే వణుకు పెరుగుతోంది, అంతే.

వేరే ఇంజను అయితే, వేరే షెడ్డు అయితే, ఆ పూటే లోపం లోపల ఉందని తేల్చేసేవాడు. ఆమాత్రం తెలివి వాడికుంది. కానీ ఈ షెడ్డులో పెరిగిన బుర్ర ఇంజనును వెతకడం మానేసి మామయ్యను వెతుకుతోంది. ఆయన ఏ బోల్టు ముట్టుకుని ఉంటాడు, ఎక్కడిదాకా వంగగలడు, ఆయన కుర్చీకి ఏ పక్క దగ్గర, ఇవే లెక్కలు. తన పనిలో తప్పు ఉండొచ్చన్న ఆలోచన గడప కూడా తొక్కలేదు.

అలా రోజులు జరుగుతున్నాయి. మేడం రోజూ వచ్చి పాత టైర్ల మీద కూర్చునేది. ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే ఇంకో స్కూలుకు మారిపోతున్నారు. "మీ మామా అల్లుళ్ళ ఆటలకు నా బతుకు దొరికిందా?" అని ఒకరోజు అనేసింది. మామయ్య కుర్చీలోంచి, "దొంగను పట్టలేనివాడు మేస్త్రి ఎలా అవుతాడమ్మా? రేపు సాయంత్రం దాకా చూసి మా అన్న కొడుక్కి కబురు పెడతా" అన్నాడు. ఆ మాటతో నత్తకు గుబులు పుట్టింది.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య కుర్చీలోనే కునుకు తీస్తుండగా నత్త ముందు మూత విప్పడానికి కూర్చున్నాడు. ఇక మిగిలింది అదొక్కటే. ముసలాయన మతి తప్పి తన నియమాన్ని తానే దాటి ఉంటాడని, లోపల చెయ్యి పెట్టి ఉంటాడని వాడి నమ్మకం. బోల్టులన్నీ తీశాడు. సీలెంటు కోయడానికి బ్లేడు పెట్టబోయి ఆగాడు.

అంచు చుట్టూ సీలెంటు ఎక్కడా తెగలేదు. దాని మీద బొటనవేలి దిద్దుడు ఆ చివర నుంచి ఈ చివరదాకా చెక్కుచెదరకుండా ఉంది. పొంగిన సీలెంటును మామయ్య ఎప్పుడూ రేకుముక్కతో గీకి శుభ్రం చేస్తాడు. వేలితో దిద్దేది ఈ షెడ్డులో నత్త ఒక్కడే. వాడు మూసిన తర్వాత ఈ మూతను ఎవరూ తెరవలేదు.

నత్త బ్లేడుతో కోసి మూత తీసి చూశాడు. చక్రం మీద పోత పోసినప్పుడు పడ్డ చిన్న గుంట ఒకటుంది. గుర్తు చుక్క అనుకుని దాన్ని గీతకు ఎదురుగా పెట్టాడు. అసలు చుక్క ఎక్కడో అవతల ఉంది. వేలు పెట్టి తడిమితే తేడా తెలిసిపోతుంది. మామయ్య వేలు తడిమి ఉంటే అక్కడే నెత్తిమీద ఒకటిచ్చి సరిచేయించేవాడు. తిట్టేవాడు, అంతే, తిట్టి మరిచిపోయేవాడు.

నత్త చుట్టూ చూశాడు. మామయ్య గురక పెడుతున్నాడు. లేతాయన మిషను చప్పుడు వినబడుతోంది. వాడు చేసిన మొదటి పని చుక్కను సరిచేయడం కాదు. రేకుముక్క తీసుకుని మూతకూ, ఇంజను అంచుకూ ఉన్న సీలెంటు మొత్తం గీకేసి, ఆ పొట్టు గుడ్డలో మూటకట్టి నూనె డబ్బాలో ముంచాడు. తర్వాత లేచి వెళ్ళి లేతాయన్ను పిలిచాడు, మేడంకు ఫోను చేశాడు. ఇద్దరూ వచ్చాక మామయ్యను తట్టి లేపాడు.

"దొంగను పట్టాను మామయ్యా. ఇదిగో."

మామయ్య వంగి, చూపుడు వేలు చాచి, చక్రం మీద పెట్టాడు. గుంటను తడిమాడు. చుక్కను తడిమాడు. ఆయన ముఖం నల్లబడింది.

"లోపల పెట్టావు" అన్నాడు నత్త. గొంతులో కావాలనే బాధ నింపుకున్నాడు. "ఎన్నాళ్ళుగానో బయట వెతుకుతున్నాను. నువ్వు లోపల పెడతావని నేనెలా అనుకుంటాను?"

"నేనా? లోపలా?"

"నేను అన్నానికి వెళ్ళినప్పుడు. మూత మళ్ళీ బిగించింది నువ్వే. నీలాగే రేకుతో గీకి ఉంది."

"నేనెందుకు పెడతానురా లోపల?"

మేడం పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముసలాయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. లేతాయన మంచిమనిషి. మంచిమనుషులు చేసే చెడుపని చేశాడు, మధ్యలో కల్పించుకున్నాడు. "పోనీ మేస్త్రీ, వయసు. మొన్న మా షెడ్డుకొచ్చి లేతు స్విచ్చి వేసి వెళ్ళిపోయావు, గుర్తుందా? నా చెయ్యి అందులోనే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు."

గుర్తులేదు. ఆయనకు గుర్తులేదన్న సంగతి అక్కడున్న అందరికీ కనబడింది. మామయ్య మేనల్లుడి వైపు తిరిగాడు. నత్త పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత మెల్లగా మాట్లాడటం వినలేదు.

"ఒరేయ్, నిజం చెప్పు. నేను తిట్టాను, కొట్టాను. అవన్నీ పక్కన పెట్టి చెప్పు. నేనే చేశానా?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. లేతాయన నవ్వేవాడు, మేడం నాలుగు మాటలనేది, అన్న కొడుకు వచ్చి కూర్చునేవాడు. అంతకంటే కొంప మునిగేదేం లేదు. నత్త మామయ్య కళ్ళలోకి సూటిగా చూశాడు.

"నువ్వే మామయ్యా."

మామయ్య తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చుక్కను సరైన చోట పెట్టి, మూత వేసి స్టార్టు చేస్తే ఇంజను వెన్నలా తిరిగింది. మేడం వెళ్తూ వెళ్తూ, "ఎన్ని బాధలు పడ్డారో పాపం ఆ పెద్దాయనతో" అంది. నత్త తల వంచుకుని నిలబడ్డాడు. అలా నిలబడటం వాడికి బాగా కుదిరింది.

తర్వాత షెడ్డుకు పని తగ్గలేదు, పెరిగింది. ముసలాయన లోపల చెయ్యి పెట్టాడన్న కబురు బండ్లవాళ్ళందరికీ పాకిపోయింది. అన్న కొడుకు ప్రసక్తే లేదు. మామయ్య మళ్ళీ షెడ్డు ముఖం చూడలేదు. ఇల్లు షెడ్డు వెనక వీధిలోనే అయినా నత్త ఏదో పని చెప్పి ఇంటికి వెళ్ళడం తగ్గించాడు, పడక కూడా షెడ్డుకే మార్చాడు. చివరికి ఒకరోజు అత్తయ్య తనే కబురు పంపింది.

వాడు వెళ్ళేసరికి మామయ్య ముందుగదిలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు, చలికి పెట్టుకున్నట్టు. బయట ఎండ మండిపోతోంది. అత్తయ్య మేనల్లుణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది.

"పగలంతా అలాగే కూర్చుంటున్నాడురా. స్టవ్వు దగ్గరికి రాడు. కుళాయి కూడా తిప్పడు. ఫ్యాను స్విచ్చి వెయ్యమంటే, నా చేతికేం చెప్పకే, అది నాకు తెలీకుండా ఏం చేస్తుందో నాకే తెలీదు అంటాడు. ఆ ఇంజను లోపల చెయ్యి పెట్టిన మనిషిని కదా, నీ గొంతు మీద పెట్టనని నమ్మకం ఏంటి అని అడిగాడు నన్ను. నన్ను పక్కన కూడా పడుకోనివ్వట్లేదు."

నత్త గుమ్మంలోంచి ముందుగది వైపు చూశాడు.

"ఎవరు చెప్పినా వినడు. నువ్వు చెప్తే వింటాడు" అంది అత్తయ్య, వాడి రెండు చేతులూ పట్టుకుని. "ఆ ఇంజను నువ్వు ముట్టుకోలేదు మామయ్యా, తప్పు నాది, భయపడి నీ మీద పెట్టాను అని ఒక్కమాట చెప్పు. అబద్ధమేలే. నాకు తెలుసు. అయినా ఆయన కోసం ఆడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆ అబద్ధం నిజమని తెలిసినవాడు ప్రపంచంలో నత్త ఒక్కడే. వాడికి జాలి వేసింది, వేయలేదని కాదు. కానీ ఆ జాలి వెనకే షెడ్డు బయట కట్టిన కొత్త బోర్డు, మేడం మాట, బండి దిగి నమస్కారం పెట్టేవాళ్ళ ముఖాలు కళ్ళముందుకొచ్చాయి. ముసలాయన ఇది విని ఊరుకోడు. తేరుకోగానే చెప్పులేసుకుని వీధి చివరిదాకా చెప్పుకుంటూ వెళ్తాడు. నత్త మెల్లగా అత్తయ్య చేతుల్లోంచి తన చేతులు విడిపించుకున్నాడు.

"పని విషయంలో అబద్ధం ఎలా ఆడమంటావు అత్తయ్యా? అది నేర్పిందే మామయ్య. ఇంకేదైనా అడుగు, చేస్తాను."

అత్తయ్య సిగ్గుపడింది. నిజంగానే సిగ్గుపడింది, అడగకూడనిది అడిగినట్టు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "అవున్లే నాన్నా, నా బుద్ధి గడ్డి తింది" అంది.

ముందుగదిలోంచి మామయ్య గొంతు వినబడింది. అంతా విన్నాడు.

"వాణ్ణి ఎందుకే బలవంతం చేస్తావు? వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పదిమందిలో నా ముఖం మీద నిజం చెప్పినవాడు ఇన్నేళ్ళలో వాడొక్కడే." తర్వాత, "మేస్త్రీ" అని పిలిచాడు. నత్త ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంట్లో ఆ పిలుపు అంతవరకూ ఒక్కరిదే. "మేస్త్రీ, అన్నం తినకుండా వెళ్ళకు."

అత్తయ్య ఇద్దరికీ వడ్డించింది. మొగుడి పక్కన కూర్చుని ముద్దలు చేసి ఆయన నోట్లో పెట్టింది. ఆయన చేతులు చంకల్లోంచి తీయకుండానే నోరు తెరిచాడు. నత్త కాస్త ఎడంగా కూర్చుని, ఇంకొంచెం పెట్టమని అడిగి మరీ తిన్నాడు.